పొలానిది పొలానికే
(పర్యావరణ పాఠం: పంట వ్యర్థాలు, వాటి పునర్వినియోగం)

పిల్లలూ,

చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో బారిడీహ్‌లో చెట్లు ఆకు రాలుస్తాయి. పొద్దున్నే ఎవరో ఒకరు ఆ ఎండుటాకులన్నీ ఊడ్చి, కుప్ప చేసి, అగ్గిపుల్ల గీస్తారు. కాసేపటికి క్వార్టర్ల కిటికీల్లోంచి పొగ లోపలికి వస్తుంది. ఆరేసిన బట్టలకు పొగవాసన పడుతుంది. పక్కింటి తాతగారికి దగ్గు మొదలవుతుంది. చివరికి అంత కుప్పా గుప్పెడు బూడిద అవుతుంది. "హమ్మయ్య, చెత్త పోయింది" అంటారు.

నిజంగా పోయిందా? ఎక్కడికి పోయింది? దాంతోపాటు ఇంకేం పోయింది? ఈ పాఠంలో మనం తెలుసుకోబోయేది అదే.

మీలో కొందరు అమ్మగారికో నాన్నగారికో బదిలీ అయి ఢిల్లీ నుంచి, అంబాలా నుంచి, బఠిండా నుంచి ఇక్కడికి వచ్చి ఉంటారు. అక్టోబరు నెలాఖరు, నవంబరు నెలల్లో అక్కడ ఆకాశం ఎలా ఉంటుందో వాళ్ళను అడగండి. మధ్యాహ్నం కూడా సూర్యుడు మసకగా కనిపిస్తాడు, కళ్ళు మండుతాయి, ఒక్కోసారి బడికి సెలవిచ్చేస్తారు. ఆ పొగకు వాహనాలు, ఫ్యాక్టరీలు, రోడ్ల దుమ్ము కూడా కారణాలే. కాని ఆ రోజుల్లో దానికి తోడయ్యేది వార్తల్లో మనం "పరాలీ" అని వినేది. పరాలీ అంటే మరేం కాదు, మన వరిగడ్డి. మన వీధిలో ఎండుటాకుల కుప్పకు జరిగేదే అక్కడ లక్షల ఎకరాల్లో వరిగడ్డికి జరుగుతుంది.

ఉక్కు ఊరు నేర్పే పాఠం

ముందు మన ఊరి సంగతి చూద్దాం. టాటా ఉక్కు సంస్థ 1907లో ఏర్పడింది. 1912లో ఇక్కడ మొదటిసారి ఉక్కు తయారైంది. ఇనుప ఖనిజాన్ని కొలిమిలో కరిగించినప్పుడు ఇనుముతోపాటు స్లాగ్ అనే మడ్డి కూడా వస్తుంది. ఒక టన్ను ఇనుముకు సుమారు మూడు నాలుగు వందల కిలోల స్లాగ్ వస్తుంది. దాన్ని ఎక్కడో గుట్టలుగా పోస్తే ఎన్ని గుట్టలు లేస్తాయో ఊహించండి. కాని ఎర్రగా మరిగే స్లాగ్‌ను నీళ్ళతో ఒక్కసారిగా చల్లబరిస్తే ఇసుకలా రవ్వరవ్వగా అవుతుంది. దాన్ని మెత్తగా పొడిచేసి సిమెంటులో కలుపుతారు. మన పక్కనే జోజోబేడాలో సిమెంటు కర్మాగారం ఉండటానికి ఇదొక కారణం. పాత ఇనుప ముక్కలనైతే మళ్ళీ కరిగించి కొత్త ఉక్కు చేస్తారు.

అంటే ఈ ఊళ్ళో కొలిమిలోంచి వచ్చిన మడ్డికి కూడా విలువ ఉంది. మరి పొలంలోంచి వచ్చిన గడ్డికి విలువ లేకుండా ఎలా పోతుంది?

పంట వ్యర్థాలు అంటే ఏవి?

పంటలో మనం తినేది, అమ్మేది కొంతే. మిగిలినదాన్ని పంట వ్యర్థం అంటున్నాం. వంద కిలోల వడ్లు మిల్లుకు పంపితే సుమారు 67 కిలోల బియ్యం వస్తాయి. మిగిలిన దానిలో 20 కిలోల దాకా ఊక, కొంత తవుడు ఉంటాయి. ఆ వంద కిలోల వడ్లు పండటానికి పొలంలో కనీసం మరో వంద కిలోల గడ్డి పెరిగి ఉంటుంది. అంటే మన కంచంలోకి వచ్చేదానికన్నా రానిదే ఎక్కువ!

పాతకాలపు రైతు ఇంట్లో "వ్యర్థం" అనే మాటకు పెద్దగా చోటు లేదు. ఒక్కొక్కటీ ఎక్కడికి వెళ్ళేదో చూడండి:

• వరిగడ్డి: పశువులకు మేత, ఇంటికి కప్పు. గడ్డితో తాడు పేని, ఆ తాడును చుట్టి వడ్లు నిలవచేసే పురి కట్టేవారు.
• ఊక: పొయ్యిలోకి, ఇటుకల బట్టీలోకి, మిల్లు బాయిలర్‌లోకి.
• తవుడు: పశువుల దాణా. ఇప్పుడు దాని నుంచి వంటనూనె కూడా తీస్తున్నారు.
• కందికంప, పత్తికట్టె: వంటచెరకు, దడి.
• జొన్నచొప్ప, మొక్కజొన్న చొప్ప: పశువుల మేత.
• వేరుశనగ పిండి, వేపపిండి (నూనె తీశాక మిగిలే చెక్క): మొదటిది పశువులకు, రెండోది పొలానికి.
• కొబ్బరి పీచు: తాళ్ళు, పట్టాలు. పీచు తీయగా రాలే పొట్టు మొక్కల కుండీల్లోకి.
• పేడ: పిడకలు, అలుకు, ఎరువు, గోబర్ గ్యాస్.

ఒక్క ఉదాహరణ కొంచెం వివరంగా చూద్దాం. విశాఖపట్నం దగ్గర అనకాపల్లి బెల్లానికి పేరున్న ఊరు. అక్కడ చెరకు గానుగాడితే రసం ఒకవైపు, పిప్పి ఒకవైపు వస్తాయి. ఆ పిప్పిని ఎండబెట్టి, అదే రసం మరిగే పెనం కింద మంటకు వాడతారు. చెరకు రసాన్ని ఉడికించేది చెరకు పిప్పే. బయటినుంచి బొగ్గు కొనక్కర్లేదు. చక్కెర మిల్లుల్లో ఈ పిప్పితోనే కరెంటు కూడా తీస్తున్నారు.

మన చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళినా ఇదే కనిపిస్తుంది. ఇక్కడి పల్లెల్లో మట్టి, పేడ కలిపి గోడలకు పూసి వాటిమీద సోహరాయ్ బొమ్మలు వేస్తారు. సోహరాయ్ పండుగనాడు పశువులను కడిగి అలంకరించి పూజిస్తారు. మన కనుమ కూడా అంతే కదా! సంక్రాంతి ముగ్గులో గొబ్బెమ్మను పెట్టి, దానిమీద గుమ్మడిపువ్వు గుచ్చుతాం. పేడను పండుగ ముగ్గులో కూర్చోబెట్టిన మనవాళ్ళు దాన్ని చెత్త అనుకోలేదు.

మరి రైతు ఎందుకు కాలుస్తున్నాడు?

ఇక్కడ తొందరపడి రైతును తప్పుపట్టకండి. ఆయన ఇబ్బంది ఏమిటో ముందు చూద్దాం.

కొడవలితో కోస్తే గడ్డి మొదలంటా తెగుతుంది. మోపులు కట్టి, కళ్ళంలో నూర్చి, గడ్డివాము వేస్తారు. కంబైన్ హార్వెస్టర్ అనే పెద్ద యంత్రంతో కోస్తే వెన్ను భాగం తెగి గింజ రాలుతుంది, కింద మోళ్ళు నిలబడే ఉంటాయి, యంత్రం వదిలిన గడ్డి చాళ్ళుగా పడి ఉంటుంది. దాన్ని ఏరడానికి కూలీలు కావాలి. ఏరినా, ఇంట్లో ఎడ్లు లేవు, వాటి స్థానంలో ట్రాక్టరు ఉంది. ట్రాక్టరు గడ్డి తినదు!

పంజాబ్, హర్యానాల్లో ఇంకో చిక్కు. భూగర్భజలాన్ని కాపాడాలని 2009లో చట్టాలు చేసి, వరినాట్లను వానలు దగ్గరపడేదాకా వెనక్కి జరిపారు. నాటు వెనక్కి జరిగితే కోత కూడా వెనక్కి జరుగుతుంది. గోధుమ విత్తే అదును మాత్రం ఆగదు. రెంటికీ మధ్య రైతుకు దొరికేది రెండు మూడు వారాలే. అంతలో పొలం ఖాళీ చేయాలంటే అన్నిటికన్నా చవకైనది అగ్గిపెట్టె. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ, పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో పంట వ్యర్థాలు కాల్చవద్దని ఆదేశించింది. అయినా మంటలు ఆగలేదు. ఎందుకంటే "కాల్చవద్దు" అని చెప్పడం ఒక ఎత్తు, "మరేం చేయాలి" అనేదానికి రైతు చేతికి అందే జవాబు చూపించడం మరో ఎత్తు.

కృష్ణా, గోదావరి డెల్టాల్లోనూ యంత్రంతో కోసిన చోట గడ్డి కాల్చడం కనిపిస్తోంది. తెలంగాణలో పత్తికట్టెను కాల్చేవాళ్ళున్నారు. కాబట్టి ఇది ఎక్కడో ఉత్తరాది సమస్య అనుకోవడానికి లేదు.

కాలిస్తే ఏం పోతుంది?

మన దేశంలో ఏటా 50 కోట్ల టన్నుల పంట వ్యర్థాలు వస్తాయని, వాటిలో సుమారు 9 కోట్ల టన్నులు పొలాల్లోనే కాలిపోతున్నాయని అంచనా.

మొక్క నేలలోంచి పోషకాలు తీసుకుంటుంది. వాటిలో కొన్ని గింజలోకి వెళ్తాయి, మిగిలినవి గడ్డిలో ఉండిపోతాయి. ఒక టన్ను వరిగడ్డిలో దాదాపు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, 1.2 కిలోల గంధకం, వీటికి తోడు 400 కిలోల కర్బనం ఉంటాయని శాస్త్రవేత్తల లెక్క.

ఇప్పుడు నిప్పు పెట్టండి. కర్బనం, నత్రజని దాదాపు మొత్తం గాలిలో కలుస్తాయి. గంధకంలో చాలా భాగం పోతుంది. పొటాష్ బూడిదలో మిగులుతుంది గాని, ఆ బూడిద గాలికి ఎగిరి, వానకు కొట్టుకుపోతుంది. పై మట్టి వేడెక్కి అందులోని సూక్ష్మజీవులు చస్తాయి. గాలిలోకేమో ఒక టన్నుకు సుమారు 3 కిలోల సన్నని ధూళి, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్ చేరతాయి.

రండి, ఒక చిన్న లెక్క చేద్దాం. ఎకరానికి 2 టన్నుల గడ్డి వచ్చిందనుకోండి. అప్పుడు కాలిపోయే నత్రజని 11 కిలోలు. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్ళు. కాబట్టి ఆ 11 కిలోలు మళ్ళీ పొలానికి ఇవ్వాలంటే సుమారు 24 కిలోల యూరియా కావాలి. వంద ఎకరాలున్న చిన్న ఊరు మొత్తం గడ్డి కాలిస్తే 2,400 కిలోలు, అంటే 45 కిలోల బస్తాలు 53! ఊరంతా కలిసి 53 బస్తాల యూరియాను పొగ చేసి, ఆ తర్వాత దుకాణానికి వెళ్ళి కొనుక్కోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి. పొటాష్ ఎరువు సంగతి ఇంకా చూడాలి. దాన్ని మన దేశం విదేశాల నుంచి ఓడల్లో తెప్పించుకుంటుంది.

అందుకే గడ్డి పొలం మనకు ఇచ్చిన అప్పు లాంటిది. గింజ మనం తిన్నాం. మిగిలినదైనా తిరిగి ఇవ్వకపోతే ఆ అప్పు ఏటికేడు పెరుగుతుంది. చివరికి నేల సారం తగ్గి, ఎరువు ఎంత పోసినా పంట రాని స్థితి వస్తుంది.

తిరిగి ఇవ్వడం ఎలా?

గడ్డిని అలాగే దున్నేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి 80 పాళ్ళ దాకా కర్బనం ఉంటుంది. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు 25, 30 పాళ్ళకు ఒక పాలు నత్రజని కావాలి. గడ్డిలో తగినంత దొరక్కపోతే అవి నేలలోని నత్రజనిని తీసుకుంటాయి. అప్పుడు కొత్త పైరు కొన్నాళ్ళు పసుపుపచ్చగా మారి చిన్నబోతుంది. కాబట్టి గడ్డికి పేడో, పచ్చి ఆకో తోడు కావాలి, చివకడానికి కొంత కాలమూ కావాలి. ఇదే కంపోస్టు వెనకున్న రహస్యం.

ఈ రహస్యాన్ని శాస్త్రంగా మలచినవాళ్ళలో ఆల్బర్ట్ హోవర్డ్ ఒకరు. 1905లో ఆయన ఇంగ్లండు నుంచి బీహార్‌లోని పూసా అనే ఊరికి, అక్కడ కొత్తగా పెట్టిన వ్యవసాయ పరిశోధనా సంస్థలో పనిచేయడానికి వచ్చారు. మన రైతులు చేసే పనులను శ్రద్ధగా గమనించి, వాళ్ళను తన గురువులుగా భావించారు. తర్వాత 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసి, పంట వ్యర్థాలను, పేడను పొరలుగా వేసి, మధ్యమధ్య తిరగవేస్తూ మూడు నెలల్లో ఎరువు చేసే పద్ధతిని స్థిరపరిచారు. అందుకే దాన్ని ఇండోర్ పద్ధతి అంటారు. ఆ పనిలో ఆయనకు తోడుగా నిలిచిన యశ్వంత్ వాడ్ మన దేశస్థుడే. ఇద్దరూ కలిసి 1931లో ఈ విషయం మీద పుస్తకం రాశారు.

ఇక్కడ మీకు నచ్చే సంగతి ఒకటుంది. ఆ పూసా సంస్థకు కూడా బదిలీ అయింది! 1934 భూకంపంలో భవనం దెబ్బతిన్నాక, 1936లో సంస్థను ఢిల్లీకి మార్చారు. మనం ఊరు మారినా ఇంటిపేరు మార్చుకోనట్టే, అదీ తన పేరు వెంట తీసుకెళ్ళింది. అందుకే ఢిల్లీలో ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ పూసా అంటారు. గడ్డిని పొలంలోనే చివికించే సూక్ష్మజీవులతో ఆ సంస్థ తయారుచేసిన మందు పేరు "పూసా డీకంపోజర్". బెల్లం, శనగపిండి కలిపిన నీళ్ళలో ఆ సూక్ష్మజీవులను పెంచి, మోళ్ళ మీద పిచికారీ చేస్తారు. మూడు నాలుగు వారాల్లో గడ్డి మెత్తబడుతుంది.

మిగతా దారులు క్లుప్తంగా చూద్దాం:

బెంగళూరు పద్ధతి: 1939లో సి.ఎన్. ఆచార్య రూపొందించారు. పొరలు వేసి పైన మట్టి మెత్తుతారు. తిరగవేసే శ్రమ ఉండదు, కాని ఎక్కువ కాలం పడుతుంది.

నాడెప్ తొట్టి: మహారాష్ట్రకు చెందిన నారాయణ్ దేవతావ్ పాంఢరీపాండే అనే రైతు పేరులోని అక్షరాలతో వచ్చిన మాట ఇది. ఇటుకల మధ్య గాలి ఆడే కంతలు వదిలి, 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తున తొట్టి కడతారు. కొద్దిపాటి పేడతోనే చాలా ఎరువు వస్తుంది.

వానపాముల ఎరువు: సగం చివికిన చెత్తను వానపాములు తిని, టీపొడి లాంటి ఎరువుగా విడుస్తాయి.

పచ్చిరొట్ట: జీలుగ, జనుము, పిల్లిపెసర విత్తి, పూతకు వచ్చే వేళ నేలలో కలియదున్నుతారు.

పుట్టగొడుగులు: వరిగడ్డిని వేడినీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, సంచుల్లో పుట్టగొడుగుల విత్తనంతో కలిపి నింపుతారు. కొన్ని వారాల్లో కూరకు పుట్టగొడుగులు వస్తాయి. మిగిలిన గడ్డి మళ్ళీ కంపోస్టులోకి వెళ్తుంది. ఝార్ఖండ్ శీతాకాలం ఈ పనికి అనువైనది.

యంత్రాలు: కోసిన గడ్డిని మోపులుగా కట్టే బేలర్, మోళ్ళ మధ్యే గోధుమ విత్తే హ్యాపీ సీడర్ వచ్చాయి. రైతులు గుంపుగా ఏర్పడి అద్దెకు తీసుకుంటే ఇవి గిట్టుబాటవుతాయి.

ఇక మన ఆంధ్రప్రదేశ్ సంగతి. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో అక్కడ ప్రకృతి వ్యవసాయం పెద్దయెత్తున సాగుతోంది. ఆ రైతులు చెప్పే ముఖ్యమైన మాట "ఆచ్ఛాదన": నేలను ఎప్పుడూ ఖాళీగా ఎండకు వదలకూడదు, గడ్డితోనో ఆకుతోనో బతికున్న పైరుతోనో కప్పి ఉంచాలి. రెండోది జీవామృతం. 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి, రోజూ కలియతిప్పుతూ రెండు రోజులు ఉంచితే సూక్ష్మజీవులు లెక్కలేనన్ని పెరుగుతాయి. దాన్ని ఎకరానికి వాడతారు. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. ఆ బహుమతిని నేలల శాస్త్రవేత్త రతన్ లాల్‌తోనూ, ఈజిప్టుకు చెందిన సెకెమ్ సంస్థతోనూ పంచుకుంది.

ఇప్పుడు ఒక పొడుపు ప్రశ్న. వరి ఊకకూ ఉక్కుకూ ఏమిటి సంబంధం? ఊకను కాల్చితే దాని బరువులో సుమారు అయిదో వంతు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. అది వేడిని దాటనివ్వదు. ఉక్కు కర్మాగారాల్లో 1,500 డిగ్రీలు దాటిన ద్రవ ఉక్కు పాత్రలో ఉన్నప్పుడు, వేడి పోకుండా దానిపైన ఊక బూడిదను దుప్పటిలా పరుస్తారు. అన్నం పెట్టిన వరి పొట్టే ఉక్కుకు చలి వేయకుండా కాపలా కాస్తుంది!

మన పెరటి కంపోస్టు: నేను చేసిన తప్పు

ఇదంతా పుస్తకం చదివి తెలుసుకోవచ్చు. కాని చేస్తేనే పట్టుబడుతుంది. నేను మొదటిసారి క్వార్టర్ వెనక గుంత తీసి, సంచులకొద్దీ ఎండుటాకులు నింపి, మట్టి కప్పి వదిలేశాను. రెండు నెలల తర్వాత తవ్వి చూస్తే ఆకులు ఆకుల్లాగే ఉన్నాయి! శ్రీకాకుళంలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ నవ్వి, "ఎండుటాకు ఒక్కటే పోస్తే ఎలా చివుకుతుందమ్మా? పేడనీళ్ళు చల్లు, పచ్చిది కలుపు, తడి చూసుకో. మన ఊళ్ళో గెత్తం కుప్ప చూళ్ళేదా?" అంది. కర్బనం, నత్రజని నిష్పత్తి గురించి నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో! మా అమ్మ దాన్ని ఒక్క వాక్యంలో చెప్పేసింది.

ఆవిడ చెప్పినట్టు చేశాను. మూడు నెలలకు నల్లటి, పొడిపొడిలాడే ఎరువు వచ్చింది. తొలివాన పడినప్పటి మట్టివాసన దానిది. మీరు కూడా చేయండి.

1. పెద్దల అనుమతితో నీడ ఉన్న చోటు ఎంచుకోండి. గుంత కుదరకపోతే కంతలు పెట్టిన పాత బకెట్టో, మట్టికుండో చాలు.
2. అడుగున పుల్లలు, కొబ్బరి పీచు పరచండి. గాలి ఆడుతుంది, నీళ్ళు దిగుతాయి.
3. జానెడు ఎండుటాకు లేదా గడ్డి. దానిపైన బెత్తెడు పచ్చిది: కూరగాయల తొక్కలు, కాలీఫ్లవర్ ఆకులు, బఠాణీ తొక్కలు. కూరగాయలు అమ్మేవారిని అడిగితే సంతోషంగా ఇస్తారు.
4. పైన పేడనీళ్ళు చిలకరించి, గుప్పెడు పాత మట్టి చల్లండి. ఇలా పొరమీద పొర వేయండి.
5. తడి సరిపోయిందా? పిడికిట పట్టి పిండండి. చేయి తడవాలి గాని నీళ్ళు కారకూడదు.
6. పదిహేను రోజులకోసారి కర్రతో తిరగవేయండి. లోపల వెచ్చగా ఉంటే పని జరుగుతున్నట్టే. పెద్ద కుప్పలో వేడి 55 డిగ్రీలు దాటి, కలుపు విత్తనాలు కూడా చస్తాయి.
7. వండిన అన్నం, నూనె, మాంసం, ప్లాస్టిక్ వేయవద్దు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

కంపు కొడితే తడి ఎక్కువైంది, గాలి ఆడటం లేదు: ఎండుటాకు కలిపి తిరగవేయండి. ఎన్నాళ్ళకూ మారకపోతే తడి గాని పచ్చిది గాని చాలలేదు: పేడనీళ్ళు చల్లండి. చీమలు పడితే ఎండిపోయిందని అర్థం. జంషెడ్‌పూర్ చలికాలంలో పని నెమ్మదిస్తుంది, ఎండాకాలంలో నీళ్ళు ఎక్కువ కావాలి.

ఎరువు నిజంగా పనిచేస్తుందో లేదో చూడటానికి ఒక ప్రయోగం. అడుగున కంతలున్న రెండు ఒకేరకం డబ్బాలు తీసుకోండి. ఒకదానిలో మన పెరటి ఎర్రమట్టి, రెండోదానిలో మూడు పాళ్ళ ఎర్రమట్టికి ఒక పాలు కంపోస్టు కలిపి నింపండి. రెండింటిలో ఒక్కో గ్లాసు నీళ్ళు నెమ్మదిగా పోసి, కిందికి కారిన నీళ్ళు కొలవండి. కంపోస్టు ఉన్న డబ్బాలోంచి తక్కువ కారాలి. వాన చినుకు కోసం ఎదురుచూసే మెట్టపొలానికి ఆ తేడా ఎంత ముఖ్యమో ఆలోచించండి. నూటికి 46 పాళ్ళ నత్రజని ఉన్న యూరియాతో, నూటికి అర పాలే ఉన్న పశువుల ఎరువు పోటీపడలేదు, నిజమే. కాని నీళ్ళు పట్టి ఉంచే పని, వానపామును పిలిచే పని, నేలను గుల్లగా ఉంచే పని యూరియా చేయలేదు.

చివరి మాట

మనం బదిలీల మీద బతికేవాళ్ళం. ఈ క్వార్టర్లో రెండేళ్ళో మూడేళ్ళో ఉంటాం. ఆర్డరు రాగానే పెట్టెలు సర్దుకుంటాం. "మనం వెళ్ళిపోయేవాళ్ళమే కదా, మనకెందుకు" అనిపించడం సహజం. నాకూ అనిపించింది. కాని ఈ క్వార్టర్‌కు నేను వచ్చేసరికి పెరట్లో కాపుకొచ్చిన ములగచెట్టు ఉంది. దాన్ని నాటినవాళ్ళెవరో నాకు తెలియదు. వాళ్ళు దాని కాయలు తిన్నారో లేదో కూడా తెలియదు. సాంబారులో నేను తిన్నాను.

మీరు చేసిన కంపోస్టును లారీలో ఎక్కించుకుని వెళ్ళలేరు. అది ఇక్కడి నేలలోనే ఉంటుంది. మీ తర్వాత ఈ ఇంటికి వచ్చే పిల్లలకు ఆ మట్టిలో కొత్తిమీర మొలుస్తుంది. ఈసారి వీధిలో ఎండుటాకుల కుప్ప కనిపిస్తే, అగ్గిపుల్ల గీయకముందే వెళ్ళి, "అంకుల్, ఈ ఆకులు మాకివ్వండి" అని అడగండి.

మాటలు నేర్చుకుందాం (తెలుగు – ఇక్కడ వినిపించే మాట)

వరిగడ్డి – పుఆల్, పరాలీ
ఊక – భూసీ
పేడ – గోబర్
పిడక – గోయఠా
ఎరువు – ఖాద్
వానపాము – కేంచువా
కళ్ళం – ఖలిహాన్

అభ్యాసం

1. రైతు గడ్డిని కాల్చడానికి గల కారణాలు మూడు రాయండి. ఒక్కోదానికి మీరు చూపే పరిష్కారం ఏమిటి?
2. ఎకరానికి 2 టన్నుల గడ్డి వచ్చే 40 ఎకరాల్లో గడ్డి మొత్తం కాలిస్తే ఎన్ని కిలోల నత్రజని పోతుంది? అది ఎన్ని కిలోల యూరియాకు సమానం?
3. వరిగడ్డి ఎరువుగా మారడానికి పేడ ఎందుకు తోడు కావాలి? మీ మాటల్లో చెప్పండి.
4. మీ అమ్మమ్మనో తాతయ్యనో అడిగి, వాళ్ళ ఊళ్ళో పూర్వం వరిగడ్డిని, ఊకను, పేడను దేనికి వాడేవారో పది వాక్యాలు రాయండి. వాళ్ళు వాడిన మాటలు వాళ్ళ యాసలోనే రాయండి.
5. మీరు ఇంతకుముందు ఉన్న ఊళ్ళో ఏ పంట వ్యర్థం ఎక్కువగా కనిపించేది? దాన్ని ఏం చేసేవారు? తరగతిలో అందరూ చెప్పినవి కలిపి భారతదేశ పటం మీద గుర్తించండి.